ఆదివారం టీవీ గేము

బండి వెనక కమ్మీ పట్టుకుందా, మా ఆయన భుజం పట్టుకుందా అన్నది నాకు కనపడలేదు. బండి సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను, ఊరికే నిలబడితే బాగోదని చేతిలో చేట కూడా పెట్టుకున్నాను, అంత చేసినా సరిగ్గా మలుపు దగ్గర ఎదురింటివాళ్ళు ఆరేసిన దుప్పటి అడ్డొచ్చింది. సుస్మిత పక్కకు తిరిగి కూర్చుంది, అంతవరకూ చూశాను. పక్కకు కూర్చున్న మనిషి దేన్నో ఒకదాన్ని పట్టుకోక తప్పదు, ఈ పలాస రోడ్ల మీద మరీనూ. నేనైతే కమ్మీయే పట్టుకుంటాను. పెళ్ళయిన కొత్తలో ఒకసారి భుజం మీద చెయ్యి వేస్తే మా ఆయన బండి నెమ్మది చేసి, భయమేస్తోందా, ఇంకా నెమ్మదిగా పోనా అని అడిగాడు, అంత మర్యాదగా అడిగేసరికి చెయ్యి దానంతటదే కిందికి వచ్చేసింది. ఇప్పుడు రైలు గేటు వేసి ఉంటుంది. ఈ వేళకు బొగ్గు గూడ్సు ఒకటి వస్తుంది, అది పోయేదాకా కాశీబుగ్గ వైపు ఒక్క బండీ కదలదు. గేటు దగ్గర ఎండలో నిలబడి ఏం మాట్లాడుకుంటారు? టీవీ గేములో వెయ్యాల్సిన కెపాసిటరు గురించే మాట్లాడుకుంటారు. నా ఏడుపంతా అదే. చీరల గురించో సినిమాల గురించో మాట్లాడుకుంటే నా అనుమానమైనా ఒక దారిన పోయేది, కాస్త ఏడ్చి ఊరుకునేదాన్ని. వీళ్ళు మాట్లాడుకునేది కెపాసిటరు గురించి, దాన్ని పట్టుకుని పుట్టింటికి వెళ్ళి ఎవరికి చెప్పుకోను?

కరెంటు పోయింది కాబట్టి వెళ్ళారు. ఎలాగూ వచ్చేదాకా పని సాగదు గదా, ఈలోగా ఆ రేడియో షాపు వాడు ఆదివారం కూడా సగం షట్టరు తీసి ఉంచుతాడు, తెచ్చేసుకుందాం పద అంది సుస్మిత, ఈయన తాళాలు తీసుకుని లేచాడు. నన్నొక మాట అడగలేదు. అడిగితే నేను రాననే అనేదాన్ని, బండి మీద ముగ్గురం పట్టం కూడా, అయినా అడగాలి. వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగి, మాధవీ, అది కాస్త అలాగే ఉంచుతావా, తీగలు ఇంకా సరిగ్గా అతకలేదు అని చెప్పి వెళ్ళాడు. ఉంచుతావా అట. అద్దెకు దిగినవాళ్ళతో ఇంటి ఓనరు కూడా అంత బతిమాలుతూ మాట్లాడడు. అత్తయ్య లోపల గదిలో నిద్రపోతోంది, ఫ్యాను తిరగకపోయినా ఆవిడకు నిద్ర ఆగదు, ఊరంతా జీడిగింజలు ఉడికే వాసన, కొబ్బరాకుల నీడ గోడ మీద ఊగుతూ ఉంది, నేనూ, ఈ డబ్బా.

చాప మీద పాత పేపరు, దాని మీద మూత ఊడదీసిన టీవీ గేము. పైడొప్ప ఒక పక్క, ఆకుపచ్చ పలక ఒక పక్క, తలవెంట్రుకల్లాంటి తీగలు, ఇటుకముక్క మీద చల్లారిన సోల్డరింగ్ ఐరన్. కవిటిలో సుస్మిత వాళ్ళింట్లో పుట్టి పెరిగిన డబ్బా ఇది. సుస్మిత మా ఆయనకు మేనమామ కూతురు. ఆయన హైస్కూలు చదువంతా ఆ మేనమామ సన్యాసిరావుగారింట్లోనే సాగింది, ఆ మేనమామే ఒకసారి విశాఖపట్నం వెళ్ళి పిల్లలిద్దరికీ కలిపి దీన్ని కొనుక్కొచ్చాడట. కలిపి. చెరొకటీ కొని ఉంటే ఈ ఆదివారాలు నాకు వచ్చేవి కావు. అప్పట్లో దీన్ని టీవీలో ఏంటెనా గుచ్చే చోట గుచ్చి, చానెలు మీట తిప్పి తిప్పి వెతికితే వాన పడుతున్నట్టు గీతల మధ్య రెండు ట్యాంకులు కనపడేవట. ఇప్పుడు ఆ పాత దారి తీసేసి, బొమ్మను లోపల చిప్పు దగ్గరే పట్టుకుని, ఒక ట్రాన్సిస్టరు మీదుగా పసుపు పిన్నులోకి పంపించి, సీడీ ప్లేయరు పెట్టుకున్నట్టే నేరుగా టీవీకి పెడతారట, అప్పుడు ఒక్క గీత కూడా ఉండదట. నాకెవరూ చెప్పలేదు ఇదంతా. వంటింట్లో పప్పు మెదుపుతూ విన్నాను. సుస్మిత టెక్కలిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది, కవిటిలో కంప్యూటరు సెంటరులో పాఠాలు చెబుతుంది, ఆదివారం పొద్దున్న బస్సు దిగి, అక్కా బాగున్నావా అని నన్నొక పలకరింపు పలకరించి చాప మీద కూర్చుంటుంది. వరసకు నేను అక్కనట. నాకన్నా ఏడాది పెద్దది.

వరస గురించే చెప్పాలంటే, వరస ప్రకారం ఈ ఇంటికి రావలసింది అదే. మేనరికం. ఆడుతూ పాడుతూ జరిగిపోయే పెళ్ళి. కాదన్నది మా అత్తయ్య రత్నాలమ్మే, సొంత అన్న కూతుర్ని తనే కాదంది. మామగారు కిడ్నీలు పోయి పోయారు, అక్కడ సన్యాసిరావుగారికీ ఆ మాయదారి జబ్బే మొదలైంది, రెండు వైపులా కిడ్నీలు తినేసే ఈ ఉద్దానం నీళ్ళే, ఆ నీళ్ళకూ ఈ నీళ్ళకూ పుట్టే పిల్లలు ఏమైపోతారని ఆవిడ లెక్క. అందుకని ఉద్దానం పొలిమేర దాటి పిల్లను వెతికింది. పెళ్ళిచూపులకు నందిగాం వచ్చినప్పుడు మా అమ్మ పెట్టిన బొబ్బట్లు ముట్టుకోలేదు, నా మొహం ఒకసారి చూసి ఊరుకుంది, మా దొడ్లో నుయ్యి మాత్రం మూడు సార్లు తొంగి చూసింది, ఒక చెంబుడు తాగి, కాసేపాగి ఇంకో చెంబుడు తాగి, వేసంగిలో కూడా ఊరతాయా అని మా నాన్నను అడిగింది. ఊరతాయన్నాడు నాన్న. సంబంధం ఖాయమైపోయింది. సారెతో పాటు రెండు డబ్బాల నీళ్ళు వచ్చాయి నాతో, ఇప్పటికీ పాలవ్యాను మీద వస్తూనే ఉన్నాయి, అత్తయ్య వాటిని మాకిద్దరికే పోస్తుంది, తను ముట్టదు. సుస్మితకు గ్లాసుతో ఇస్తే, వద్దక్కా, కొళాయివి చాలు నాకు అంటుంది. ఎంత పొగరో అనుకునేదాన్ని. ఇప్పుడైనా పొగరే అనుకుంటాను, ఇంకోలా అనుకోవడం మొదలుపెడితే దాని మీద జాలి పుడుతుంది, జాలి పుడితే నాకు ఈ ఆదివారాలు గడవవు.

పోనీ దానితో ఏమైనా సరసంగా ఉంటాడా అంటే అదీ లేదు, ఒట్టు వేసి చెప్పగలను, ఆ పాపం కట్టుకోను. తిడతాడు. దాన్ని తిట్టినట్టు నన్ను ఎప్పుడూ తిట్టలేదు. ఒసే, కళ్ళున్నాయా, ప్లస్సుకు మైనస్సు అతికేవేటే అంటాడు, నెత్తి మీద ఠంగుమని మొట్టికాయ వేస్తాడు, అది నీ మొకం అని ఆయన చెయ్యి గిచ్చుతుంది, ఇద్దరూ పళ్ళికిలిస్తారు. నాతో మాత్రం బంగారం. అన్నం మాడితే బాగుందిలే అంటాడు. ఇస్త్రీ పెట్టె ఆనించి చొక్కా కాల్చేస్తే పాతదేగా అన్నాడు, అది పెళ్ళి చొక్కా. ఆఖరికి ఒకనాడు నాకే పట్టుదల వచ్చి పులుసులో గుప్పెడు ఉప్పు పోశాను, చూద్దాం ఏమంటాడో అని, మనిషి ఆ పులుసన్నం మొత్తం తిని, కొంచెం మజ్జిగ ఉందా మాధవీ అన్నాడు. నేను ఆ రాత్రి ఏడ్చాను. పెళ్ళయిన కొత్తలో ఇదే డబ్బా టీవీకి తగిలించి నాకు ఆట నేర్పాడు. నా ట్యాంకు ఎదురుగా వచ్చి ఊరికే నిలబడేవాడు, నేను గురి కుదిరేదాకా ఆగి పేలిపోయేవాడు, అబ్బ గెలిచేశావే అనేవాడు. ప్రేమ అనుకున్నాను పిచ్చిదాన్ని. తర్వాత ఒక పండక్కి సుస్మితతో ఆడుతుంటే చూశాను. పళ్ళు బిగించి దాని ట్యాంకును మూల మూలకూ తరిమి తరిమి పేల్చాడు, అది ఏడుపు మొహం పెడితే చప్పట్లు కొట్టాడు. సమానమైనవాళ్ళతో అలా ఆడతారు. గెలిపించేది చుట్టాలను. ఆ రోజు నుంచీ నాకు ఈ డబ్బాను చూస్తే ఒళ్ళు మంట.

ఇవాళ అడిగేస్తాను. కరెంటు రాకముందే, వాళ్ళు బండి దిగగానే, సుస్మిత కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళినప్పుడు అడిగేస్తాను. నేనంటే ఇష్టపడి తెచ్చుకున్నారా, మా నుయ్యి చూసి తెచ్చుకున్నారా? ఇవాళ కాకపోతే ఇంక లేదు, ఇవాళ్టితో ఈ పని అయిపోతుందన్నారు, అయిపోయాక ఇద్దరూ కూర్చుని ఆడతారు, మళ్ళీ ఆదివారం మళ్ళీ ఆడతారు, నేను పకోడీలు వేసి పెడుతూ ముసలిదాన్నయిపోతాను. అడిగితే ఏమంటాడు? మాధవీ, అలా అనుకుంటున్నావా, క్షమించు అంటాడు. అంటాడు, నాకు తెలుసు. అది తలుచుకుంటేనే చెంపలు వేడెక్కుతున్నాయి.

ఎప్పుడు చాప మీద కూర్చున్నానో, ఎప్పుడు డబ్బాకు తీగతో తగిలించి ఉన్న ఆ మీటల పలక చేతిలోకి తీసుకున్నానో తెలియదు, కరెంటు లేని డబ్బా, మూత లేని డబ్బా, ఎదురుగా నల్లగా టీవీ, అందులో నా మొహమే కనపడుతోంది. నొక్కాను. కుడి, కుడి, పైకి, కాల్పు. సుస్మిత ట్యాంకు ఆ మూల నక్కి ఉంది, ఇటుక గోడ వెనకాల, నేను ఆగలేదు, గోడను పగలగొట్టుకుంటూ వెళ్ళాను, కమ్మీ పట్టుకున్నావా భుజం పట్టుకున్నావా చెప్పు, కాల్పు, కాల్పు, గట్టిగా లాగి నొక్కాను, టక్కున ఏదో ఊడింది. చూస్తే ఒక పచ్చ తీగ, చిప్పు కాలు దగ్గర అతికి ఉన్నది కాస్తా గాలిలో తల ఊపుతోంది. వేలితో నొక్కి పెట్టాను, నిలబడలేదు. అన్నం మెతుకు పెడదామా అనుకున్నాను, ఎండితే రాలిపోతుంది. అప్పుడు గుర్తొచ్చింది జీడిబంక. మా నాన్న బడి పిల్లల పుస్తకాలకు అట్టలు వేసేది దాంతోనే, మా దొడ్లో జీడిచెట్ల మొదళ్ళ దగ్గర కారి గట్టిపడినదాన్ని నీళ్ళలో నానేసి సీసాలో పోసి నాతో పంపించాడు, విరిగిన దువ్వెన దాంతోనే అతికించాను, తలుపు మీద దేవుడి పటం దాంతోనే నిలబడింది. పుల్లతో ఒక్క చుక్క తీసి పెట్టాను. తీగ అతుక్కుంది. ఊదాను. చుట్టూ ఉన్న అతుకులు వెండి చుక్కల్లా ఉన్నాయి, నాది తేనె చుక్కలా ఉంది, అంతే తేడా. ఎవరు చూస్తారులే అనుకున్నాను, పైగా, సిగ్గులేకుండా, వాళ్ళ డబ్బాలో నా అతుకు కూడా ఒకటి ఉంటుంది గదా అని కాస్త సంతోషించాను కూడా.

బండి చప్పుడయ్యేసరికి నేను వంటింట్లో ఉన్నాను. ఇద్దరూ చెమటలు కక్కుతూ వచ్చారు, గేటు వేసేశారని, గూడ్సు గంట సేపు పోయిందని సుస్మిత చెబుతూనే ఉంది, వాళ్ళు దిగిన క్షణంలోనే కరెంటు వచ్చింది, ఫ్యాను తిరిగింది, ఐరను ప్లగ్గులో పెట్టేశారు. నా ప్రశ్న నా నోట్లోనే ఉండిపోయింది. కొత్త కెపాసిటరు అతికారు, పొగ లేచింది, ఆ వాసన నాకు ఇష్టమని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. టీవీ వేశారు, పసుపు పిన్ను గుచ్చారు, డబ్బా మీట నొక్కారు. నీలం తెర. మళ్ళీ నొక్కారు. నీలం తెరే. నీ అతుకే సరిగా లేదంటే నీ అతుకేనని ఒకరినొకరు తిట్టుకున్నారు, మొట్టికాయ ఒకటి పడింది, నేను గుమ్మానికి ఆనుకుని ఆ మొట్టికాయను కళ్ళారా చూశాను. అప్పుడు సుస్మిత వంగి, ఆ పచ్చ తీగను గోటితో గీకి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బావా, ఇది జీడిబంకరా" అంది మెల్లిగా.

"నేనే పెట్టేను" అన్నాను. నవ్వు ఆపుకోవడానికి సుస్మిత తల దించుకుంది, దాని భుజాలు కదులుతున్నాయి. ఆయన మాత్రం నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఐరను ఇటుక మీద పెట్టి, నా వైపు తిరిగి, పసిపిల్లతో మాట్లాడినట్టు గొంతు మెత్తగా చేసుకున్నాడు.

"పర్లేదు మాధవీ. ఊడిపోకుండా మంచి పనే సేసేవు. బంకలోంచి కరెంటు పోదు, అంతే. మళ్ళీ అతుక్కోవచ్చు."

మంచి పనే సేసేవు. ఆ మాట చెవిలో పడ్డాక ఇంక నాకు ఎదురుగా సుస్మిత ఉందని గానీ, లోపల అత్తయ్య పడుకుందని గానీ లేదు. ఏడాది పైగా మింగిన బాగుందిలేలూ పర్లేదులూ అన్నీ ఒక్కసారి పైకి వచ్చాయి.

"నన్ను తిట్టరేటి? ఇదే పని ఆవిడ సేసుంటే ఏటి సేద్దురు? నన్నెందుకు తిట్టరు, నానేటి ఈ ఇంటికి సుట్టాన్నా?"

ఆయన బిత్తరపోయాడు. సుస్మిత వైపు చూడలేదు, అది నేను గమనించాను, నా వైపే చూశాడు, తర్వాత వాళ్ళమ్మ గది తలుపు వైపు చూశాడు.

"నీకు కోపమొచ్చి నందిగాం ఎల్లిపోతే?" అన్నాడు. "మా వైపోళ్ళకి పిల్లనిచ్చీదెవరు? నీకు ముందు ఎన్ని సమ్మందాలొచ్చేయో అమ్మనడుగు. వొచ్చినోళ్ళు మా ఇంట్లో గ్లాసుడు నీళ్ళు కూడా ముట్టకుండా లేసెల్లిపోయేరు. మీ నాన్నొక్కడే తాగేడు. నువ్వు కూడా ఎల్లిపోతే నాకు మరెవరిత్తారు?"

ఇన్నాళ్ళూ ఉప్పు పులుసు మింగింది ఇందుకా. నేను వెళ్ళిపోతానన్న భయంతో. నేను వాళ్ళకు నీళ్ళ డబ్బానని ఇక్కడ కుళ్ళి చస్తుంటే, ఈ మనిషి ఆ డబ్బా ఎక్కడ ఒలికిపోతుందోనని అడుగులో అడుగు వేసుకుంటూ బతుకుతున్నాడు. కరిగిపోవలసిన మాటే. ఒక క్షణం కరిగాను కూడా. మరుక్షణం ఆ ఆఖరి ముక్క గుచ్చుకుంది, మరెవరిత్తారు. అంటే ఎవరో ఒకరు ఇస్తే చాలునన్నమాట.

"అంటే నానని కాదు. ఏదో ఒక పిల్ల ఉంటే సాలు, అంతేనా?"

"నానలగన్నేనా?"

"అన్నావు. ఇప్పుడే అన్నావు. ఆ రోజు పులుసులో ఉప్పు నాను కావాలనే ఏసేను, తెలుసా? ఒక్క మాటంటావేటోనని. మొత్తం తిని మజ్జిగడిగినావు."

ఆయన మొహంలో రంగు మారడం అప్పుడు చూశాను. చెవుల దగ్గర మొదలైంది. లేచి నిలబడ్డాడు.

"కావాలనే ఏసేవా? రెండ్రోజులు కడుపు పట్టీసి పడుకున్నాను! ముట్టుకోకు ముట్టుకోకని సెప్పెల్తే బంకెట్టి అంటించినావు, బుర్రుందా నీకు? మనిసివేనా?"

"నువ్వు మనిసివా? నోరునేదా అప్పుడు?"

గొంతు వీధిలోకి వెళ్ళింది. ఎదురింటామె దుప్పటి తీసే నెపంతో బయటికి వచ్చింది, వస్తే రానీ. పెళ్ళి చొక్కా కాల్చింది కూడా కావాలనేనా అన్నాడు, అది కాదు, అది నిజంగా కాలింది, కాని కావాలనేనని చెప్పాను. నీ మజ్జిగ నువ్వే కలుపుకో అన్నాను. ఆటలో నన్ను గెలిపించడం ఎవరు నేర్పారు నీకు, నేనేం చిన్న గుంటనా అన్నాను. అయితే గెలిసి సూపించు, మూల మూలకీ తరిమి కొడతాను అన్నాడు, చెయ్యి ఎత్తి, అచ్చం మొట్టికాయ వేసేవాడిలా వేళ్ళు మడిచి. ఆ చెయ్యి చూసి నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, రెంటినీ తిట్లలోకే మార్చి ఇంకో నాలుగు అన్నాను. ఎంతసేపు అరుచుకున్నామో తెలియదు. అత్తయ్య కొప్పు ముడేసుకుంటూ గది బయటికి వచ్చి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఆ గుంటేదిరా?" అంది.

చాప మీద ఎవరూ లేరు. గుమ్మం దగ్గర సుస్మిత చెప్పులు లేవు. ఐరను ప్లగ్గు తీసి ఇటుకముక్క మీద పెట్టి ఉంది, తీగ చుట్టి. పచ్చ తీగ మొదట్లో వెండి చుక్క ఒకటి కొత్తగా మెరుస్తోంది, టీవీలో ఒక్క గీతైనా లేకుండా బొమ్మ వచ్చి ఉంది, రెండు ట్యాంకులూ చెరో పక్కా నిలబడి ఉన్నాయి. ఎప్పుడు అతికిందో, ఎప్పుడు లేచి బస్సుకు వెళ్ళిపోయిందో మా ఇద్దరిలో ఒక్కరమూ చూడలేదు. నేను ఆయన వైపు తిరిగాను. ఆయన టీవీ వైపు చూడడం లేదు, ఇంకా కోపంగా నా వైపే చూస్తున్నాడు.